ఒడ్డు నిలవాలి, మడుగు మిగలాలి

(మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో కార్యవర్గం తరఫున చేసిన ప్రసంగం)



పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి బాకీ ఎంత అనే లెక్కలు కోశాధికారి ఇందాకే చదివారు. మమ్మల్ని ఏటి సంగతి చెప్పమన్నారు. ఈ నివేదికలో ఏటి పని ‘ఇతర కార్యక్రమాలు’ కింద చివరి పేజీలో పడింది. అచ్చుకు పోకముందే చూసుకుని ఉంటే ముందుకు మార్పించేవాళ్ళం. మిరప చేను ఏట్లో కలిసిపోయిన సభ్యురాలు కిస్తీ ఎట్టా కడుతుంది? మడుగులో చేప లేకపోతే యానాది కాలనీ సంఘంవాళ్ళు నెల పొదుపు ఎక్కణ్ణుంచి తెస్తారు? అందుకని ఇది కూడా అప్పుల లెక్కల్లో భాగమే అనుకుని వినండి.

గుండ్లకమ్మ అంటే మన ఊళ్ళ ముందు కనపడే పాయ ఒక్కటే అనుకుంటాం. నల్లమలలో పుట్టి, కంభం చెరువును నింపి, వినుకొండ వైపు తిరిగి, అద్దంకి పక్కగా వచ్చి, మల్లవరం జలాశయంలో ఆగి, ఆ తర్వాత సముద్రంలో కలుస్తుంది. కంభం చెరువు విజయనగర రాజుల నాటిది; 2020లో దానికి నీటిపారుదల వారసత్వ కట్టడంగా అంతర్జాతీయ గుర్తింపు కూడా వచ్చింది. మల్లవరం జలాశయం మన కళ్ళముందు కట్టిందే, 2008లో ప్రారంభించారు. దాని కింద 80 వేల ఎకరాల ఆయకట్టు పెట్టుకున్నారు. 2022లో దాని గేటు ఒకటి, 2023 డిసెంబరులో ఇంకో గేటు కొట్టుకుపోయి నీళ్ళు సముద్రం పాలైన సంగతి మీకు తెలిసిందే. నీళ్ళతోపాటు చేపా పోయింది. ఆ 2022లోనే జిల్లాలు విడదీస్తే ఏరు ప్రకాశం, పల్నాడు, బాపట్ల జిల్లాలకు పంపకమైంది. ఏరు ఒకటే, అర్జీ పెట్టుకోవాల్సిన కలెక్టరాఫీసులు మాత్రం ఒకటి కాదు.

ఇక ఇసుక దగ్గరికి వస్తాం. ఇది చెప్పకుండా మిగతాది చెప్పడం న్యాయం కాదు.

మన అమ్మమ్మలు వేసవిలో ఏట్లో చెలమ తీసి, ఊరిన నీళ్ళు చిప్పతో తోడి బిందె నింపుకునేవాళ్ళు. పైన ఎండకు ఇసుక కాలిపోతున్నా మూరెడు లోతున నీళ్ళు చల్లగా ఉండేవి. ఇసుక వరద నీళ్ళను తాగి దాచిపెట్టి, ఎండాకాలం నెమ్మదిగా వదులుతుంది. ఒడ్డు బావులూ, ఫిల్టర్ పాయింట్లూ, మంచినీళ్ళ పథకం బావీ బతికేది ఆ దాచిన నీళ్ళ మీదే. 2014లో ప్రభుత్వం ఇసుక రీచ్‌లను మహిళా సంఘాలకు అప్పగించినప్పుడు మనకెవరికీ చెలమలు గుర్తు రాలేదు. గుర్తొచ్చింది గౌరవం. అప్పటిదాకా మగవాళ్ళు, అందులోనూ నలుగురైదుగురు పెద్ద మగవాళ్ళు చేసే వ్యాపారం ఆడవాళ్ళ చేతికొచ్చింది. తాటాకు పందిరి కింద కుర్చీలేసుకుని, రసీదు పుస్తకాలు పట్టుకుని, లారీ డ్రైవర్లతో గట్టిగా మాట్లాడాం. లెక్క రాయడం, బేరం ఆడటం, పోలీసు స్టేషనుకు పోయి ఫిర్యాదు ఇవ్వడం అప్పుడే నేర్చుకున్నాం. అది తక్కువ చదువేం కాదు.

కానీ ఎక్కడ తవ్వాం? లారీ దిగడానికి వీలైన చోట. అంటే ఒడ్డు మొదట్లో. ఏటి నడుమ ఉన్న తిన్నె దాకా బాట వెయ్యాలంటే ఖర్చు, అందుకని దగ్గర్లో ఉన్నదే తోడాం. 2016లో సంఘాల నుంచి రీచ్‌లు తీసేసి ఇసుకను ఉచితం చేశారు. ఆ తర్వాత విధానాలు మారుతూ వచ్చాయి, 2024లో మళ్ళీ ఉచితమన్నారు. పేరేదైనా ట్రాక్టర్లు మాత్రం ఆగలేదు, రాత్రిళ్ళు మరీ. మేం వాళ్ళను తిట్టుకుంటూనే ఉన్నాం. అయితే ఒడ్డు మొదట్లో మొదటి గుంట పెట్టింది ఎవరని అడిగితే మేం తల దించుకోవాల్సిందే. తిలాపాపం తలా పిడికెడు. అందులో మన పిడికిలి ఖాళీ లేదు.

ఒడ్డు ఎట్టా పడుతుందో మూడేళ్ళుగా పక్కన నిలబడి చూశాం. వరద వచ్చినప్పుడే కూలుతుందని అందరం అనుకుంటాం. కూలేది ఎక్కువగా వరద తీశాక. వరదకు ఒడ్డు లోపలిదాకా నాని బరువెక్కుతుంది. నీళ్ళు ఎగదన్ని ఉన్నంతసేపూ అవే దాన్ని ఆనుకుని నిలబెడతాయి. అవి చప్పున దిగిపోతే నానిన మట్టికి ఆనిక ఉండదు. దానికి తోడు ఇసుక తీసి పాదం గుల్ల చేశాం గదా, మధ్యాహ్నం పూట, వాన లేదు గాలి లేదు, నల్లరేగడి పెళ్ళ పెళ్ళలుగా ధభీమని జారిపోతుంది. మలుపు దగ్గర ఉన్న మన సభ్యురాలి మిరప చేను అట్టాగే పోయింది. ఒక్క వానాకాలంలో చేను అంచున ఉన్న డ్రిప్పు గొట్టాలు గాల్లో వేలాడాయి. ఆమె భూమికి పాస్ పుస్తకంలో విస్తీర్ణం తగ్గలేదు. ఏట్లో ఉన్న భూమికి కూడా ఆమే యజమానురాలు, దాని మీద అప్పుకు కూడా.

అప్పుడు ఆ గ్రామ సంఘం నుంచి తీర్మానం వచ్చింది: మలుపు పొడుగునా రాతి గోడ కట్టించమని అర్జీ పెట్టాలి, సిమెంటు వేసి. మేమూ ఆలోచించకుండా చెయ్యెత్తాం. రాయి కంటే గట్టిది ఏముంటుంది?

ఆ రోజు కాదన్నది యానాది కాలనీ సంఘం వాళ్ళు. సమావేశంలో ఎప్పుడూ వెనక వరసలో కూర్చుని, సంతకం పెట్టమంటే పెట్టి వెళ్ళిపోయేవాళ్ళు. వాళ్ళలో పెద్దామె లేచి, ‘గోడ కడితే మేం మడుగు వదిలేసి కూలికి పోవాల్నా అమ్మా? చెప్పండి, పోతాం’ అంది. కోపంగా కూడా అనలేదు. సభలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత మాత్రం చాలామంది మాట్లాడారు, కొన్ని మాటలు అనకుండా ఉండాల్సినవి. చేను పోయిన ఆమె ఏడ్చింది. చేపలకున్న విలువ నా బిడ్డలకు లేదా అని అడిగింది. ఆ ప్రశ్నకు మా దగ్గర ఇప్పటికీ సమాధానం లేదు. తీర్మానం వాయిదా వేసి, అందరం కలిసి మడుగు చూసి వద్దామని మాత్రం నిర్ణయించాం.

మే నెలలో పోయాం. ఏరంతా ఎండి, మలుపు కింద ఒక్క మడుగే మిగిలి ఉంది. ఒడ్డున పాత ఏరుమద్ది చెట్టు సగం వేళ్ళు బయటపడి నీళ్ళ మీదికి ఒరిగి ఉంది. మా కళ్ళకు అది పడిపోబోయే చెట్టు. వాళ్ళకు అది ఇల్లు. ఆ వేళ్ళ సందుల్లో బొమ్మిడాయిలు, జెల్లలు దాక్కుంటాయి. జమ్ము, తుంగ ఉన్న అంచున కొరమేను గూడు కట్టి పిల్లలు పెడుతుంది. పిల్లలు ఎర్రగా గుంపుగా నీటి పైకొచ్చి తిరుగుతుంటే తల్లీ తండ్రీ కింద కాపలా కాస్తాయి. ఇసుక దొందుకు పేరులోనే ఇసుక ఉంది. అడుగున ఇసుక లేకపోతే దానికి చోటే లేదు. వాలుగ లోతులో ఉంటుంది. పరిగెలు ఎండ పడని నీడన మూగుతాయి. నీళ్ళు వేడెక్కితే వాటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది, అందుకని వేసవిలో చెట్టు నీడ చేపకు ఊపిరితో సమానం. బొచ్చె, శీలావతి లాంటి పెద్ద చేపలైతే నిలవ నీళ్ళల్లో గుడ్లు పెట్టవు, వరద నీళ్ళకు ఎదురెక్కి పారకంలోనే పెడతాయి. జలాశయంలో ప్రభుత్వం వదిలే పిల్లలు ఆ రకాలే. మన ఇళ్ళల్లో కూరకొచ్చే పరిగె, జెల్ల, దొందు పిల్లల్ని మన మడుగులో ఎవరూ తెచ్చి వదలరు. అవి పోతే పోయినట్టే. రక్తహీనత అని ప్రతి ఆరోగ్య శిబిరంలో మనకు చెబుతారు గదా, ముల్లుతో సహా నమిలి తినే చిన్న చేప మనకు అందుబాటులో ఉన్న మంచి తిండి.

అక్కడే ఇంకో సంగతి తెలిసింది. ఒడ్డు కూలడం చేపకు కూడా నష్టమే. జారిన రేగడి బురద అడుగున పరుచుకుంటే గుడ్లు ఊపిరాడక చస్తాయి, ఇసుక, గులకరాళ్ళ సందులు పూడిపోతాయి, మడుగు లోతు తగ్గిపోతుంది. అంటే చేను ఆమెకూ, వల ఆమెకూ కావాల్సింది ఒకటే, ఒడ్డు నిలబడటం. తగాదా అల్లా దేంతో నిలబెట్టాలి అన్న దగ్గరే. సిమెంటు గోడకు వేరు ఉండదు, సందు ఉండదు, నీడ ఉండదు. పైగా నున్నటి గోడ వెంట నీళ్ళు వడిగా జారిపోయి, గోడ ఆగిన చోట పక్క చేనును కోస్తాయి. మన మలుపుకు గోడ కడితే కింద ఊరివాళ్ళు మళ్ళీ గోడ అడగాలి. ఆ లెక్కన సముద్రం దాకా కట్టుకుంటూ పోవాలి.

డిగ్రీ చదివే మన సభ్యుల పిల్లలు ఫోన్‌లో వెతికి సింగపూర్ సంగతి చూపించారు. అక్కడ బిషాన్ అనే చోట పార్కు పక్కన కాలాంగ్ నదిని కాంక్రీటు కాలువ చేసి ఉంచారట. 2012 నాటికి ఆ కాంక్రీటు తీసేసి, ఒడ్డును వాలుగా దిద్ది, మొక్కల వేళ్ళు, రెమ్మల కట్టలు, రాళ్ళతో నిలబెట్టి మళ్ళీ ఏరుగా మార్చారు. డబ్బున్న దేశం గోడ కట్టి, మళ్ళీ డబ్బు పెట్టి పగలగొట్టుకుంది. మనకు మొదటి ఖర్చు తప్పింది, అంతే.

రాజస్థాన్ అల్వార్ జిల్లాలో అర్వరీ నది కథ ఇంకా దగ్గరగా అనిపించింది. ఎండిపోయిన నదిని ఊళ్ళవాళ్ళు చిన్న చిన్న కట్టలు కట్టి బతికించుకున్నారు. నీళ్ళొచ్చాక చేప వచ్చింది. చేప రాగానే వేలంపాట వచ్చింది. కాంట్రాక్టు ఇస్తే ఊళ్ళు కాదన్నాయి. 1999లో 70 ఊళ్ళు కలిసి నదికి ఒక పార్లమెంటు పెట్టుకున్నాయి. మనకు పార్లమెంటు అక్కర్లేదు, సమాఖ్య ఉంది. అందులో వెనక వరసవాళ్ళు మాట్లాడితే వినే అలవాటు ఇప్పుడిప్పుడే వస్తోంది.

ఇక చేసిన పని. గ్రామసభ తీర్మానం, నీటిపారుదల వాళ్ళ అనుమతి, ఉపాధి హామీలో మంజూరు, వీటికి పట్టిన నెలలు లెక్కపెట్టకండి. నిటారుగా ఉన్న గట్టును మనుషులే పలుగు పారతో వాలుగా దిద్దారు. ఉపాధి పనిలో యంత్రం దిగకూడదన్న నిబంధన ఏటికి మేలు చేసింది. పాదం దగ్గర మాత్రం రాళ్ళు వేశాం, సిమెంటు లేకుండా, సందులు ఉండేట్టు. ఆ సందుల్లో చేపా ఉంటుంది, మట్టీ చేరుతుంది. దాని పైన వరసలుగా దడులు కట్టాం. దడి కట్టడం మనకు ఎవరూ నేర్పక్కర్లేదు, పెరడుకు కట్టే దడే. గుంజలు చిల్లచెట్టువి, అల్లినవి వావిలి రెమ్మలు. వావిలి పచ్చి రెమ్మ తడి తగిలితే వేరు పోసుకుంటుంది. దడికీ దడికీ మధ్య వట్టివేరు, పై అంచున కానుగ, నేరేడు, ఏరుమద్ది. వట్టివేరు వేళ్ళు అడ్డం పాకకుండా నిలువుగా రెండు మూడు మీటర్లు దిగుతాయి, చేలో పైరుకు పోటీ రావు. రైతులు ఒప్పుకున్నది ఆ మాట విన్నాకే. ఒరిగిన పాత మద్దిచెట్టును కొట్టలేదు. మంచినీళ్ళ పథకం బావి ఉన్న చోట మాత్రం పెద్ద రాతి కట్టే ఉండాలని అందరం ఒప్పుకున్నాం. యానాది కాలనీవాళ్ళు కూడా. వాళ్ళూ ఆ నీళ్ళే తాగుతారు గదా.

పని జూన్‌లో వానలు పడకముందే ఆపేశాం. గుడ్లు పెట్టే కాలంలో ఏట్లో తొక్కుడు, బురద ఉండకూడదని. పని ఇంకా మిగిలి ఉంది, కూలి దినాలు కూడా మిగిలి ఉన్నాయి, ఆపమంటే కొందరికి కోపం వచ్చింది.

అన్నీ కుదరలేదు. మొదటి ఏడు పై అంచు మొక్కల్ని మేకలు తిన్నాయి. మేకలు ఎవరివో మాకు తెలుసు, మావి కూడా ఉన్నాయి. మలుపు నడి భాగంలో దడి ఒక వరదకే ఊడిపోయింది, గుంజలు లోతుగా దించలేదు. వట్టివేరు మాత్రం నిలబడింది. చిల్లచెట్లన్నీ ఒక్కసారే కొట్టి బొగ్గుకు అమ్ముదామని ఒక సంఘం అడిగితే వద్దన్నాం. చెడ్డ చెట్టే, నీళ్ళు తాగేస్తుంది, కానీ ఇప్పుడు కొన్ని చోట్ల ఒడ్డును పట్టుకున్నది అదొక్కటే. పక్కన మద్ది, కానుగ వేరు పట్టాక ఒక్కొక్కటి తీద్దాం. దీని మీద మాలోనే రెండభిప్రాయాలున్నాయి, దాపరికం లేదు.

ఒడ్డు కంటే కష్టమైంది మందు డబ్బాల సంగతి. 2021లో నల్ల తామర పురుగు మిరప మీద పడ్డప్పుడు మనందరం ఏ మందు పడితే ఆ మందు కొట్టాం. పత్తి మీద సరేసరి. సాయంత్రం స్ప్రేయరు తీసుకుపోయి ఏట్లో కడిగితే ఏమవుతుందో అప్పుడు చూశాం. పైరెథ్రాయిడ్ జాతి మందులు, సైపర్‌మెత్రిన్ లాంటివి, మనిషికి చేసే హాని కంటే చేపకు ఎన్నో రెట్లు ఎక్కువ చేస్తాయి. మడుగు చిన్నది, వేసవిలో పారకం లేదు, ఒక్క ట్యాంకు కడిగిన నీళ్ళు చాలు. ఇప్పుడు మన తీర్మానం ఇది: స్ప్రేయరు చేలోనే కడగాలి, కడిగిన నీళ్ళు గట్టు మీదే పొయ్యాలి, ఖాళీ డబ్బా ఏట్లో పడెయ్యకూడదు. ఒడ్డుకు ఆనిన మొదటి సాళ్ళల్లో మందు లేకుండా కషాయాలతో పండించడానికి ప్రకృతి వ్యవసాయం చేసే మన సభ్యులు కొందరు ముందుకొచ్చారు. దిగుబడి కాస్త తగ్గిందని వాళ్ళే చెప్పారు, దాచలేదు. తీర్మానాన్ని ఎవరు తప్పుతున్నారంటే ఎక్కువగా మన ఇళ్ళల్లో మగవాళ్ళే. వాళ్ళు ఈ సభలో లేరు. ఇంటికి పోయి చెప్పాల్సింది మీరే.

సముద్రంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఉంటుంది. మన మడుగుకు మనమే పెట్టుకున్నాం: మొదటి వరద వచ్చిన దగ్గర్నుంచి రెండు నెలలు దోమతెర వల వెయ్యకూడదు, ఎర్ర పిల్లలతో తిరిగే కొరమేనును పట్టకూడదు. బ్లీచింగు, కరెంటు తీగ ఎప్పుడూ కూడదు. యానాది సంఘంవాళ్ళు ఒప్పుకున్నారు. కానీ ఒప్పుకున్నవాళ్ళ పొయ్యి ఆ రెండు నెలలు ఎట్టా వెలగాలి? సామాజిక పెట్టుబడి నిధి నుంచి వడ్డీ లేకుండా చేబదులు ఇవ్వాలని కార్యవర్గం ప్రతిపాదించింది. ముగ్గురు వ్యతిరేకించారు. వాళ్ళకు ఇస్తే రేపు అందరూ అడుగుతారన్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. అయినా ఇచ్చాం. తిరిగి కట్టారు, ఒక్కరు ఇంకా కట్టాలి, ఆమె భర్త ఆసుపత్రిలో ఉన్నాడు. ఈ సంగతి పేరు లేకుండా చెబుతున్నాం, ఎవరూ ఇంటిదాకా పోయి అడగవద్దు.

ట్రాక్టర్ల మాట. వంతెనలు, ఆనకట్టల లాంటి కట్టడాలకు 500 మీటర్ల లోపు ఇసుక తీయకూడదని వాల్టా నిబంధనల్లోనే ఉంది. చిన్న రీచ్‌కు కూడా పర్యావరణ అనుమతి ఉండాలని సుప్రీంకోర్టు 2012లో చెప్పింది. ఈ రెండూ కాగితం మీద రాసి ప్రతి గ్రామ సంఘానికి ఇస్తున్నాం. రాత్రిపూట ఎవరూ ఒంటరిగా పోయి అడ్డుకోవద్దు. ట్రాక్టరు నంబరు, టైము, చోటు రాసుకుని తెల్లారి సంఘం పుస్తకంలో ఎక్కించండి, సమాఖ్య తరఫున అర్జీగా పంపుతాం. సొంత ఇంటికి ఇసుక కావాల్సిన వాళ్ళుంటారు, వాళ్ళతో తగాదా లేదు. ఒడ్డు మొదట్లో తీయకుండా తిన్నె మీద తీసుకోమని చెప్పండి.

చేను పోయిన మన సభ్యురాలికి భూమి తిరిగి రాలేదు. మిగిలిన చేను ఈ ఏడు వరదకు నిలిచింది. ఆమె బాకీ గడువు పొడిగించమని బ్యాంకుకు రాసిన ఉత్తరం మీద ఇవాళ మీ అందరి సంతకాలు కావాలి, కాగితం రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర పెట్టాం.

ఊడిపోయిన దడి మళ్ళీ కట్టడానికి వచ్చే ఆదివారం పొద్దున్నే మలుపు దగ్గరికి రండి. గుంజలు ఈసారి మోకాటి లోతు కాదు, నడుం లోతు దించాలి. గడ్డపలుగులు ఉన్నవాళ్ళు తెచ్చుకోండి. వావిలి రెమ్మలు పెద్దామె వాళ్ళు కోసి ఉంచుతామన్నారు. మజ్జిగ సమాఖ్య ఖర్చు. మేకల్ని మాత్రం ఇంట్లో కట్టేసి రండి.